ఆన్‌లైన్ వేలాల్లో పాత మోడల్ రైళ్లు: ధరకూ నాణ్యతకూ పొంతన ఎందుకు కుదరడం లేదు?

సంక్షిప్తంగా: మోడల్ రైలు నాణ్యత దాని నడకలో ఉంటుంది, ఆన్‌లైన్ వేలం చూపగలిగేది రూపాన్ని మాత్రమే. ఈ తేడా వల్ల అరిగిపోయినవి, మొదటి నుంచీ నాసిగా తయారైనవి, వేర్వేరు ముక్కలు కలిపి నిలబెట్టినవి కూడా మంచివాటి సరసన, దాదాపు వాటి ధరకే అమ్మకానికి వస్తున్నాయి. వేలం పాట నడిచే తీరు, అమ్ముడుపోని సరుకు తెరపై పేరుకుపోవడం, కొత్త మోడళ్లు విడతలుగా మాత్రమే తయారు కావడం ఆ ధరలను పైకి నెడుతున్నాయి.

ఆన్‌లైన్ వేలం వేదికల్లో పాత మోడల్ రైలు ఇంజన్ కోసం వెదికేవారికి ఒకే తరహా ప్రకటన పదే పదే ఎదురవుతుంది. నలభై ఏళ్ల కిందట పిల్లల ఆటవస్తువుగా చవకగా అమ్మిన ఇంజన్‌కు, ఇటీవల తయారైన మేలురకం ఇంజన్ ధరలో సగమో ముప్పావో అడుగుతారు. వివరణలో ‘అరుదైనది’, ‘వింటేజ్’, ‘పరీక్షించలేదు’ అన్న మూడు మాటలు ఉంటాయి. కొన్నవారు దాన్ని పట్టాల మీద పెట్టాక మోటారు మూలుగుతుంది గానీ చక్రం కదలదు. కదిలినా పట్టాలు చీలే చోట ఎగిరిపడుతుంది. దీన్ని అమ్మకందారుల మోసంగా మాత్రమే చూస్తే విషయం సగమే అర్థమవుతుంది. పూర్తి నిజాయితీతో అమ్మేవారి దగ్గర కొన్నా ఇలా జరిగే అవకాశం తక్కువేమీ కాదు. అసలు కారణం ఈ సరుకు స్వభావంలోనూ, దాన్ని అమ్మే పద్ధతిలోనూ ఉంది.

ఇంత పాత సరుకు ఎక్కడి నుంచి వస్తోంది?

జర్మనీకి చెందిన మెర్క్లిన్ సంస్థ 1891లో లీప్‌జిగ్ సంతలో నిర్ణీత కొలతల పట్టాలతో తాళంచెవి రైలును ప్రదర్శించింది. అమెరికాలో లయనెల్ 1900లో మొదలైంది. బ్రిటన్‌లో హార్న్‌బీ రైళ్లు 1920లో వచ్చాయి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ప్లాస్టిక్ అచ్చు పోత చవక కావడంతో ఈ వినోదం సంపన్నుల ఇళ్లు దాటి సామాన్య కుటుంబాల్లోకి చేరింది. ఆ దశాబ్దాల్లో బాల్యం గడిపినవారు పెద్దయ్యాక మళ్లీ కొని పోగుచేసుకున్న సేకరణలు ఇప్పుడు వారసుల చేతుల మీదుగా వేలానికి వస్తున్నాయి. ఆ వారసుల్లో చాలామందికి రైళ్ల గురించి ఏమీ తెలియదు. ఫలితంగా 1930ల రేకు బొమ్మ, 1970ల చవకరకం, గత ఇరవై ఏళ్లలో తయారైన సున్నితమైన నమూనా ఒకే తెర మీద, ఒకే పరిమాణం గల ఫొటోల్లో, ఒకే రకం వివరణతో పక్కపక్కన కనిపిస్తాయి.

పైకి కనిపించని జబ్బులు

పాత మోడల్ రైళ్లకు వచ్చే లోపాల్లో అతి తీవ్రమైనది జింక్ తెగులు. ఇంజన్ అడుగు చట్రాలను, బరువు దిమ్మలను, ఒక్కోసారి చక్రాలను కూడా జింక్ మిశ్రమంతో పోతపోస్తారు. ఆ మిశ్రమంలో సీసం వంటి మలినం అతి స్వల్పంగా కలిసినా, లోహపు స్ఫటికాల అంచుల వెంబడి ఏళ్ల తరబడి తుప్పు పాకి, పోత లోలోపలే ఉబ్బుతుంది. మొదట పొడవు పెరిగి చట్రం వంగుతుంది, తర్వాత సన్నని బీటలు వస్తాయి, చివరికి చేత్తో నలిపితే పొడి అవుతుంది. న్యూజెర్సీ జింక్ కంపెనీ 1929లో అత్యంత శుద్ధమైన జింక్‌తో జమాక్ అనే మిశ్రమాన్ని రూపొందించడానికి ఈ సమస్యే ప్రధాన కారణం. అయినా పోత కర్మాగారంలో శుద్ధి నియమం సడలిన ప్రతిసారీ తెగులు తిరిగి వచ్చింది. యుద్ధానికి ముందరి బొమ్మల్లోనే కాక, ఇటీవలి దశాబ్దాల్లో తయారైన కొన్ని మోడళ్లలోనూ కనబడింది. ఒకసారి మొదలైతే దాన్ని ఆపే మందు లేదు. చట్రం మీద ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది కాబట్టి, పగుళ్లు తొడుగును వంచేదాకా ఫొటోలో ఇంజన్ నిగనిగలాడుతూనే ఉంటుంది.

పళ్లచక్రాలది మరో కథ. లోహపు ఇరుసు మీద బిగుతుగా ఎక్కించిన ప్లాస్టిక్ పళ్లచక్రం కాలం గడిచేకొద్దీ కుంచించుకుపోయి, ఒక చోట నెర్రె విచ్చుతుంది. ఆ నెర్రె దగ్గర రెండు పళ్ల మధ్య ఎడం వెంట్రుకవాసి పెరిగినా చాలు, ప్రతి చుట్టులోనూ అక్కడ ఇంజన్ కుదుపుతో తడబడుతుంది, లేదా బిగుసుకుపోతుంది. వింత ఏమిటంటే, అసలు వాడకుండా పెట్టెలోనే దాచిన ఇంజన్లలో కూడా ఇది జరుగుతుంది. ‘ఎన్నడూ నడపలేదు’ అన్న హామీని కొనేవారు మంచి లక్షణంగా భావిస్తారు. యంత్రం దృష్టితో చూస్తే దశాబ్దాలుగా కదలనిది గ్రీజు గట్టిపడిన యంత్రం. చక్రాలకు పట్టు కోసం వేసిన రబ్బరు పట్టీలు ఎండిపోతాయి. పాత మోటార్లలో వాడిన ఆల్నికో (అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ కలిసిన మిశ్రమం) అయస్కాంతాలు బలం కోల్పోతాయి. మోటారు విప్పి అయస్కాంతాన్ని బయటకు తీస్తే ఆ నష్టం ఇంకా పెరుగుతుంది. బలహీనపడిన అయస్కాంతం గల మోటారు ఎక్కువ విద్యుత్తు లాగి, వేడెక్కి, తక్కువ బరువు ఈడుస్తుంది. అందువల్ల అమ్మే ముందు సదుద్దేశంతో ‘విప్పి శుభ్రం చేసిన’ ఇంజన్ కొన్నిసార్లు అంతకు ముందుకంటే చెడిపోయి కొనుగోలుదారును చేరుతుంది.

ఇవి వయసుతో వచ్చేవి. పుట్టుకతో వచ్చే లోపాలు వేరు. 1970లు, 1980లలో చవకరకం ఇంజన్లలో గుండ్రటి బిళ్ల వంటి మోటారును ఇంజన్ కింద ఉండే ఒక చక్రాల చట్రంలోనే ఇమిడ్చి, ఆ చట్రపు చక్రాలను మాత్రమే తిప్పేవారు. విద్యుత్తు అందుకునే చక్రాలు కూడా కొన్నే. నేరుగా ఉన్న పట్టాల మీద వేగంగా తిప్పడానికి అది సరిపోయేది. మెల్లగా కదలి, స్టేషన్‌లో మెత్తగా ఆగడం వాటి తయారీ లక్ష్యమే కాదు. చక్రాల అంచులు కూడా లోతుగా ఉండేవి. పాత తరహా పట్టాల ఎత్తు 2.54 మిల్లీమీటర్లు కాగా, నేడు వాడుకలో ఉన్న సన్నరకం పట్టాల ఎత్తు సుమారు 1.9 మిల్లీమీటర్లు, వాటి మీద పాత చక్రపు అంచు స్లీపర్ల మీది బిగింపులకు తగిలి గలగలలాడుతుంది. ఆ కాలపు ధరకు ఆ తయారీ న్యాయమైనదే. అదే యంత్రానికి ‘వింటేజ్’ అని పేరు పెట్టి, నేటి యంత్రంతో పోటీపడే ధర అడగడంలోనే అన్యాయం ఉంది.

విడిభాగాల కిట్‌గా కొని చేత్తో కట్టిన ఇంజన్ల విషయంలో ఈ తేడా మరీ ఎక్కువ. తెల్లలోహపు పోతలతో, ఇత్తడి రేకులతో వచ్చిన కిట్‌ను నేర్పరి అతికితే అది కర్మాగారపు సరుకును మించుతుంది. అనుభవం లేనివారు జిగురుతో అతికితే చట్రం మూలలు సరిగా కుదరవు, చక్రాలను కలిపే కడ్డీలు పట్టేస్తాయి. పైన మందంగా రంగు పూశాక ఫొటోలో ఈ రెండింటికీ తేడా చెప్పడం కష్టం. ఒక ఇంజన్ పైతొడుగును మరో ఇంజన్ చట్రం మీద పెట్టి, కొత్తగా అచ్చువేసిన నకలు పెట్టెలో సర్ది అమ్మేవి కూడా తక్కువేమీ కావు.

ఇత్తడి మోడళ్లతో పోలిక

అధిక ధర అంటే అధిక నాణ్యత అన్న నమ్మకం ఎంత బలహీనమైనదో ఇత్తడి మోడళ్ల చరిత్ర చూపిస్తుంది. 1950ల నుంచి అమెరికన్ దిగుమతిదారుల కోసం జపాన్‌లోనూ, తర్వాత కొరియాలోనూ చిన్న పనిశాలల్లో కొద్ది సంఖ్యలో ఇత్తడి ఇంజన్లను చేతిపనితో తయారు చేసేవారు. బాహ్య వివరాల్లో ఆనాడు వాటికి సాటి లేదు. కానీ చాలావాటిలో మోటారును గేర్‌పెట్టెకు కలిపేది ఒక చిన్న రబ్బరు గొట్టం మాత్రమే. వాటిని కొన్నవారిలో ఎందరో అరలో పెట్టి చూసుకున్నారు గానీ నడపలేదు. అందువల్ల నడకలోని లోపం ధరలో ప్రతిఫలించలేదు. అంతకు తీసిపోని వివరాలతో, అంతకంటే మెరుగైన నడకతో ప్లాస్టిక్ మోడళ్లు చైనా కర్మాగారాల నుంచి రావడం మొదలయ్యాక, సాధారణ రకం ఇత్తడి మోడళ్ల మీద పెట్టుబడి ఆశ సడలింది. అయినా పాత ధరల జ్ఞాపకం అమ్మేవారిని వదలలేదు.

‘నడుస్తుంది’ అన్న మాట బరువు

ప్రకటనల్లోని మాటలకు స్థిరమైన అర్థం లేకపోవడం ఈ సమస్యకు నడుమ నిలిచిన అంశం. మోటారుకు రెండు తీగలు ఆనిస్తే అది తిరిగిందన్న అర్థంలో ఒకరు ‘నడుస్తుంది’ అని రాస్తారు. ఆరు బోగీలు లాగుతూ, వంపుల్లోనూ చీలికల్లోనూ ఆగకుండా, ముందుకూ వెనక్కూ పది నిమిషాలు తిరిగిందన్న అర్థంలో మరొకరు అదే మాట రాస్తారు. ఈ రెండింటి మధ్య దూరమే మంచి ఇంజన్‌కూ చెడ్డదానికీ మధ్య దూరం. ‘పరీక్షించలేదు’ అన్నది ఇంకా చిక్కుమాట. పట్టాలు, వాటికి విద్యుత్తు అందించే కంట్రోలర్ లేని వారసులు నిజంగానే పరీక్షించలేరు. కానీ సాధారణ రెండు పట్టాల ఇంజన్ 12 వోల్టుల ఏకముఖ విద్యుత్తుతో (డీసీ) నడుస్తుంది. 9 వోల్టుల చిన్న బ్యాటరీ చక్రాలకు తాకించినా మోటారు బతికి ఉందో లేదో తెలిసిపోతుంది. రోజూ పదుల కొద్దీ ఇంజన్లు అమ్మే వ్యక్తి ‘పరీక్షించలేదు’ అని రాస్తే, పరీక్షించి ఫలితం దాచారన్న అనుమానానికి తావుంటుంది.

నాణేల సేకరణలో ఒక నాణేన్ని నిపుణులు పరిశీలించి, శ్రేణి నిర్ణయించి, పెట్టెలో మూసి ముద్ర వేసే ఏర్పాటు ఉంది. నాణెం పని చేయనక్కర్లేదు. దాని విలువంతా ఉపరితలంలోనే ఉంటుంది కాబట్టి అలాంటి ముద్ర చాలు. అమెరికాలో 1954లో ఏర్పడిన ట్రెయిన్ కలెక్టర్స్ అసోసియేషన్ రైళ్లకూ శ్రేణులు నిర్దేశించింది. సేకర్తలు 1 నుంచి 10 వరకు అంకెలతోనూ వాటిని చెప్పుకుంటారు. అవి ప్రధానంగా రంగు, గీతలు, తుప్పు, విడిభాగాల లోటు వంటి బాహ్య స్థితిని కొలుస్తాయి. రైలు నడకను కొలిచి, అందరూ అంగీకరించిన అంకె ఇచ్చే వ్యవస్థ లేదు.

దీనికి తోడు వ్యవస్థలు ఒకదానితో ఒకటి పొసగవు. ఓఓ, హెచ్‌ఓ అనే రెండు కొలతల మోడళ్లూ 16.5 మిల్లీమీటర్ల ఎడం గల పట్టాల మీదే నడుస్తాయి, కానీ అసలు రైలుతో పోలిస్తే మొదటిది 1:76, రెండోది 1:87 నిష్పత్తి; రెండూ కలిపి నిలబెడితే బోగీలు ఎత్తుపల్లాలుగా కనబడతాయి. ఏసీ విద్యుత్తుతో నడిచే మెర్క్లిన్ మూడు పట్టాల ఇంజన్‌లో రెండు వైపుల చక్రాల మధ్య విద్యుత్తు పారకుండా ఆపే ఏర్పాటు ఉండదు. సాధారణ రెండు పట్టాల మీద పెడితే షార్ట్ అవుతుంది. ఇలాంటి ఇంజన్ నిక్షేపంగా ఉన్నా, తెలియక కొన్నవారికి అది పనికిరానిదే.

పాట ఎక్కడ ఆగుతుంది?

ఆన్‌లైన్ వేలాల్లో పాటదారు తాను గరిష్ఠంగా ఎంత పెట్టగలరో ముందే నమోదు చేస్తే, వ్యవస్థ వారి తరఫున అవసరమైనంత మేరకే పాట పెంచుతూ పోతుంది. అంటే గెలిచినవారు చెల్లించేది తమ గరిష్ఠాన్ని కాదు, రెండో స్థానంలో ఉన్నవారి గరిష్ఠానికి కాస్త పైమొత్తాన్ని. ఈ సూత్రాన్ని ఆర్థికవేత్త విలియం విక్రీ 1961లోనే విశ్లేషించారు. వస్తువు విలువ తమకు ఎంతో కచ్చితంగా తెలిసినవారి మధ్య ఇది మంచి పద్ధతే. విలువ తెలియనివారి మధ్య దీని నడక వేరు. వంద మంది చూసిన ఇంజన్‌ను తొంభై ఎనిమిది మంది వదిలేసినా, దాన్ని ఎక్కువగా ఊహించుకున్న ఇద్దరు ఉంటే చాలు, ధర పెరిగిపోతుంది. ఆ తొంభై ఎనిమిది మంది నిరాసక్తత ఆ అంకెలో ఎక్కడా కనిపించదు.

సముద్రగర్భ చమురు క్షేత్రాల వేలాల్లో ఇదే జరుగుతోందని 1971లో ముగ్గురు అమెరికన్ పెట్రోలియం ఇంజనీర్లు వివరించారు. అందరి అంచనాల సగటు సరిగ్గానే ఉన్నా, గెలిచేది అందరికంటే ఎక్కువ అంచనా వేసినవారే కాబట్టి, గెలుపే పొరపాటుకు గుర్తు అవుతుంది. పాత ఇంజన్ లోపలి స్థితి కూడా నేల కింది చమురు లాంటిదే. తవ్వేదాకా ఎవరికీ తెలియదు. అయితే చమురు కంపెనీలు ఆ పాఠం నేర్చుకుని తమ పాటలను తగ్గించుకోగలవు, ఎందుకంటే అవి పదే పదే పాడతాయి. బాల్యంలో పోగొట్టుకున్న ఒక్క ఇంజన్ కోసం జీవితంలో ఒక్కసారి పాడేవారికి నేర్చుకునే అవకాశం లేదు. వారికి ఆ జ్ఞాపకం నిజంగా విలువైనదే. అందులో తప్పు పట్టాల్సింది ఏమీ లేదు. కానీ ఆ ఒక్క పాట, మరుసటి వారం అలాంటిదే అమ్మేవారికి మార్కెట్ ధరగా కనబడుతుంది.

రెండో స్థానపు పాటే ధరను నిర్ణయిస్తుంది కాబట్టి, అమ్మేవారి మనిషే దొంగపాట పాడి పెంచే మోసానికి కూడా ఇక్కడ దారి ఉంది. అనుభవజ్ఞులు చివరి సెకన్లలో మాత్రమే పాడటానికి ఇది ఒక కారణం. నిర్ణీత గడువుకు కచ్చితంగా ముగిసే వేలాల్లో చివరి క్షణపు పాటలు ఎక్కువనీ, ఆఖరి పాట తర్వాత గడువు పెరిగే వేలాల్లో తక్కువనీ ఆల్విన్ రాత్, ఆక్సెల్ ఓకెన్‌ఫెల్స్ 2002లో ప్రచురించిన పరిశోధన చూపింది.

తెరపై మిగిలేది

నిర్ణీత ధరతో పెట్టే ప్రకటనలు మరో భ్రమను కలిగిస్తాయి. ఒక ఊహాత్మక లెక్క తీసుకుంటే, వారానికి న్యాయమైన ధరతో పది, అతి ధరతో పది ఇంజన్లు కొత్తగా వస్తాయనుకుందాం. మొదటివి వారంలో అమ్ముడైపోతాయి. రెండోవి ఇరవై వారాల పాటు అలాగే ఉండిపోతాయి. అప్పుడు ఏ రోజు తెరిచి చూసినా న్యాయమైనవి పది, అతి ధరవి రెండు వందలు కనబడతాయి. వచ్చిన సరుకులో సగం మాత్రమే అయినా, తెర మీద 95 శాతం అతి ధరలే. వారసత్వంగా వచ్చిన పెట్టెను అమ్మదలచినవారు ధర తెలుసుకోవడానికి చూసేది ఈ తెరనే. అమ్ముడుపోని ధరలను చూసి వారు తమ ధరను నిర్ణయిస్తారు, వారిదీ అమ్ముడుపోదు, తర్వాత వచ్చేవారికి అది మరో సాక్ష్యమవుతుంది. అమ్మకం పూర్తయినవాటిని విడిగా చూపించే వడపోత చాలా వేదికల్లో ఉన్నా, కొత్తవారికి దాని సంగతి తెలిసేది ఆలస్యంగానే.

నాసిసరుకు ఉన్నా ధర ఎందుకు దిగదు?

సరుకు లోపం అమ్మేవారికి తెలిసి, కొనేవారికి తెలియకపోతే ఏమవుతుందో జార్జ్ అకెర్లాఫ్ 1970లో పాత కార్లను ఉదాహరణగా తీసుకుని విశ్లేషించారు. కొనేవారు జాగ్రత్తపడి తక్కువ ధరే ఇస్తారు, ఆ ధరకు మంచి సరుకు ఉన్నవారు అమ్మరు, చివరికి నాసివే మిగులుతాయి. మోడల్ రైళ్లలో ఈ తర్కంలోని రెండో భాగం చాలావరకు జరుగుతోంది: మంచి ఇంజన్ ఉన్న అభిరుచిపరుడు దాన్ని క్లబ్‌లో తెలిసినవారికి, లేదా పరీక్షించి హామీతో అమ్మే దుకాణానికి ఇస్తారు. మొదటి భాగం మాత్రం సరిగా జరగడం లేదు. ధర తగినంత దిగడం లేదు.

దీనికి బలమైన కారణం కొత్త సరుకు సరఫరా. నేటి తయారీ సంస్థలు ఒక మోడల్‌ను నిరంతరం తయారు చేయవు. ముందస్తు ఆర్డర్లను బట్టి ఒక విడత తయారు చేయించి ఆపేస్తాయి. మళ్లీ అదే ఇంజన్ అదే రంగులో రావడానికి ఏళ్లు పట్టవచ్చు. విడత తప్పినవారికి పాత సరుకే దిక్కు. ఆ కొరత నిజమైనది, ఆ ఒక్క మోడల్‌కు అది ధరను న్యాయంగానే పెంచుతుంది. కానీ ఆ పెరుగుదల పక్కనే ఉన్న, లక్షల్లో తయారైన చవకరకానికి కూడా అంటుకుంటుంది. పైగా వేదిక రుసుము, ప్యాకింగ్, రవాణా ఖర్చు చవకైన వస్తువు మీదే దామాషాలో ఎక్కువ భారం వేస్తాయి కాబట్టి, తక్కువ ధరకు అమ్మితే అమ్మేవారికి మిగిలేది స్వల్పం.

అమ్మకందారుల పేరుప్రతిష్ఠను చూపే రేటింగులు ఈ లోపాన్ని సరిదిద్దలేవు. పార్సెల్ సురక్షితంగా చేరితే కొన్నవారు రెండు మూడు రోజుల్లో మంచి అభిప్రాయం రాసేస్తారు. పళ్లచక్రం నెర్రె, జింక్ తెగులు బయటపడేది తర్వాతే. రేటింగు కొలిచేది రవాణాను, మర్యాదను. చట్టరక్షణ కూడా అమ్మేది ఎవరన్నదాన్ని బట్టి మారుతుంది. ఐరోపా సమాఖ్యలో 2014 నుంచి అమలైన నిబంధనల ప్రకారం, వ్యాపారి నుంచి ఆన్‌లైన్‌లో కొన్నవారు సాధారణంగా 14 రోజుల్లో కారణం చెప్పకుండా ఒప్పందం నుంచి వైదొలగవచ్చు. స్వయంగా హాజరయ్యే వీలున్న బహిరంగ వేలానికి ఇందులో మినహాయింపు ఉంది గానీ, ఆన్‌లైన్ వేలం వేదిక ఆ మినహాయింపు కిందికి రాదు. అమ్మేది వ్యాపారి కాక సాధారణ వ్యక్తి అయితే మాత్రం ఈ హక్కు లేదు.

ఇకపై ఏమి జరగవచ్చు?

సేకరణలు వేలానికి వచ్చే ప్రవాహం కొంతకాలం తగ్గే సూచన లేదు. యుద్ధానంతర తరం దాచుకున్న సామాన్య రకాలు కొనేవారికంటే ఎక్కువగా వస్తే, వాటి నిజమైన అమ్మకపు ధరలు దిగుతాయి. తెర మీద అమ్మేవారు అడిగే ధరలు మాత్రం పైన చెప్పిన కారణంగా చాలా ఆలస్యంగా దిగుతాయి. నిజంగా అరుదైనవి, నడకలో నిరూపితమైనవి ఈ గుంపు నుంచి విడిపోయి తమ ధరను నిలుపుకునే అవకాశం ఉంది. ఇప్పటికే నెర్రె విచ్చిన పళ్లచక్రాలకు ప్రత్యామ్నాయాలు, త్రీడీ ముద్రణతో తయారైన చట్రాలు, పాత మోటార్ల కోసం బలమైన నియోడిమియం అయస్కాంతాలు చిన్న తయారీదారుల నుంచి దొరుకుతున్నాయి. ఇవి పెరిగేకొద్దీ పాడైన ఇంజన్‌కు మరమ్మతు విలువ ఏర్పడుతుంది. అప్పుడు దాన్ని నడిచే ఇంజన్‌గా కాక, మరమ్మతుకు తగిన సరుకుగా పేర్కొని అమ్మడం అమ్మేవారికీ నష్టం కాదు.

అన్నిటికంటే ఎక్కువ నష్టపోతున్నది కొత్తగా ఈ అభిరుచిలోకి వచ్చేవారు. వారి మొదటి ఇంజన్ తరచూ ఇలాంటి వేలం నుంచే వస్తుంది. అది కదలకపోతే తప్పు తమదేననుకుని పట్టాలు, కంట్రోలర్ కూడా మూటకట్టి పక్కన పెట్టేస్తారు. ఈ స్థితిని మార్చగలిగే సాధనం అమ్మేవారి చేతిలోని ఫోన్‌లోనే ఉంది. ఇంజన్‌ను తిరగేసి తీసిన ఒక ఫొటోలో చక్రాల అరుగుదల, చట్రం వంపు, స్క్రూల తలల మీద గీతలు తెలుస్తాయి. అతి తక్కువ వేగంతో మొదలై, నాలుగు బోగీలు లాగుతూ, వంపు తిరిగి, ఆగి, వెనక్కి వచ్చే ఒక నిమిషం వీడియోలో పళ్లచక్రం తడబాటు, అయస్కాంతం నీరసం, విద్యుత్తు అందుకోవడంలో లోపం దాగవు. ఆ వీడియో ఉన్న ప్రకటనకూ లేని ప్రకటనకూ ఒకే గరిష్ఠ పాట నమోదు చేస్తున్నంత కాలం, అది తీసే శ్రమ ఎవరూ పడనక్కర్లేదు.